సైప్రస్ బ్యాంకులో నాగమణి డబ్బు

కువైట్ నుంచి వచ్చానని తెలియగానే మా వీధి వాళ్లు మొదట అడిగింది బంగారం ఎంత తెచ్చావని. తేలేదన్నాను. తర్వాత ఎండ ఎలా ఉందని అడిగారు. నేను వెళ్లింది మార్చిలో, చెప్పుకోదగ్గ ఎండ కూడా చూడలేదు. ఇక ఈవిడ దగ్గర వినడానికి ఏముందని ఎవరి దారిన వాళ్లు లేచారు. నేను అక్కడ చూసినదాన్ని అరుగు మీద కూర్చుని చెప్పడం కష్టం. అందుకే రాస్తున్నాను.

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు సహకార బ్యాంకులను తనిఖీ చేశాను. నేను వస్తున్నానంటే కార్యదర్శులకు టీ గొంతు దిగేది కాదని చెప్పుకొనేవారు. అదేదో గొప్పగా చెప్పడం లేదు, ఉన్న మాట. రెండు వేల పదమూడు మొదట్లో రిటైరయ్యాను. అబూ హలీఫాలో ఉంటున్న మా తమ్ముడు సత్యం, నీటి పంపులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజరు, రెండు వారాలు వచ్చి ఊరికే కూర్చోమని టికెట్టు పంపాడు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదని వాడికి తెలుసు. అయినా పంపాడు.

అబూ హలీఫా

సత్యం వాళ్లది నాలుగో అంతస్తు. రెండు మేడల సందులోంచి చెయ్యెడు సముద్రం కనిపిస్తుంది. ఆ చెయ్యెడు సముద్రానికి నెలకు ఇరవై దినార్లు అద్దె ఎక్కువట. మా మరదలు రమణి దాన్ని చూపించేటప్పుడు, తనే తవ్వించినట్టు చూపించింది. కింది అంతస్తులో మలయాళీలు, పైన ఈజిప్టు వాళ్లు, ఎదురింట్లో అమలాపురం దగ్గరి వాళ్లు. మెట్ల మీద ఒక్కో అంతస్తుకు ఒక్కో తాలింపు వాసన.

పొద్దున్నే సత్యం రొట్టెలు తెచ్చాడు. వేడివేడి ఖుబ్జ్, ప్యాకెట్టు యాభై ఫిల్సు. వెయ్యి ఫిల్సులు ఒక దినారు, దినారంటే అప్పుడు మన దాదాపు నూట తొంభై రూపాయలు. అన్నీ మండిపోతున్న ఊళ్లో రొట్టె మాత్రం అంత చవకగా ఎలా వస్తోందని అడిగితే, ప్రభుత్వం భరిస్తుందన్నాడు. మన రేషను బియ్యంలాంటిదే. కానీ ఇక్కడ కార్డు అడగరు, దేశంవాడైనా పరాయివాడైనా ఒకటే ధర. అది నాకు నచ్చింది.

నేను దిగిన వారమే టీవీలో సైప్రస్ గొడవ మొదలైంది. మధ్యధరా సముద్రంలో చిన్న ద్వీపం, మన ఒక జిల్లా అంత జనాభా కూడా ఉండదు. బ్యాంకులు మూసేశారు, ఏటీఎంల ముందు ముసలివాళ్లు వరసల్లో నిలబడ్డారు. నేను సోఫా అంచున కూర్చుని కళ్లార్పకుండా చూస్తుంటే సత్యం నవ్వాడు.

"రిటైరయ్యేవే అక్కా నువ్వు. ఆళ్ల బ్యాంకులు ఆళ్లు చూసుకుంటారులే."

చూసుకుంటే ఇంతవరకూ ఎందుకొస్తుంది? నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. ఇంటికంటే గాదె పెద్దదైంది. ఆ దేశం మొత్తం సంపాదనకు ఎన్నో రెట్లు డబ్బు అక్కడి బ్యాంకుల్లో చేరింది, ఎక్కువ వడ్డీ కోసం ఎక్కడెక్కడి వాళ్లో తెచ్చి పెట్టారు. బ్యాంకులు ఆ డబ్బును పొరుగునున్న గ్రీసుకు అప్పిచ్చాయి. గ్రీసు మునిగింది, ఇవీ మునిగాయి. పర్యవేక్షణ అంటే కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని చూడటమే కాదు, ఇంత డబ్బు ఇక్కడికి ఎందుకొస్తోందని అడగడం కూడా. ఆ ప్రశ్న అడిగేవాణ్ని పండగ పూట వచ్చిన అప్పులవాడిలా చూస్తారు. నాకు అనుభవమే. మొదట చిన్న డిపాజిట్లలో కూడా కొంత కోస్తామన్నారు. లక్ష యూరోల లోపు డబ్బుకు పూచీ ఉందని ఇన్నాళ్లూ చెప్పి, అందులోనే చెయ్యి పెడతామనడం నా ఒళ్లు మండించింది. వాళ్ల పార్లమెంటు ఒప్పుకోలేదు. బ్యాంకులు మాత్రం తెరవలేదు.

షర్క్

షర్క్‌లో చేపల మార్కెట్టు చూపించమని నేనే అడిగాను. బయట ఎత్తైన బ్యాంకు మేడలు, వాటి అద్దాల్లో మబ్బులు. లోపల తళతళలాడే పాలరాతి అరుగుల మీద చేపలు. వాళ్లు జుబేదీ అని ప్రాణం పెట్టే చేప మన చందువే. కిలో ఏడు దినార్లన్నాడు. కాకినాడలో ఎంతకు తిన్నానో గుర్తొచ్చి వెనక్కి తగ్గాను. అమ్మేవాడు ఈజిప్టు మనిషి, నా ముఖం చూసి ఆరున్నరకు దిగాడు. నేను ఇంకా తగ్గుతాడని నిలబడితే, ఆయన నవ్వి ఇంకో ఆవిడకు ఏడుకే అమ్మేశాడు.

అక్కడే నా పరువు పోయిన ఇంకో ముచ్చట. బయట టీ కొట్టులో టీ వంద ఫిల్సులన్నాడు. నూరు పైసలు ఒక రూపాయి అయ్యే దేశంలో పుట్టి పెరిగిన దాన్ని, వంద ఫిల్సులంటే ఒక దినారని నోటు ఇచ్చి హుందాగా నడిచాను. టీ కొట్టు బంగ్లాదేశీ మనిషి కౌంటరు వదిలేసి, నా వెనకే పరిగెత్తుకుంటూ వచ్చి తొమ్మిది వందల ఫిల్సులు చేతిలో పెట్టాడు. హిందీలో మెల్లగా, కొత్తగా వచ్చారా అమ్మా, అందరూ మొదటి వారం ఇలాగే పోగొట్టుకుంటారు అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఊళ్లోవాళ్ల పద్దులు పట్టుకున్న మనిషిని. రమణి పక్కకు తిరిగి నవ్వుకుంది. నాకూ నవ్వొచ్చింది గానీ కాసేపటి తర్వాత.

కబ్ద్

శనివారం సత్యం ఒక కువైటీ కుటుంబం తోటలో పంపు చూడ్డానికి కబ్ద్ వెళుతూ నన్నూ తీసుకెళ్లాడు. ఊరు దాటగానే అంతా ఇసుక, మధ్యలో గోడలు కట్టిన తోటలు. లోపల దోసకాయలు, టమాటాలు, గొర్రెలు. కారు దిగి పది అడుగులు వేయగానే నా చెప్పు ఇసుకలో కూరుకుపోయి తెగింది. ఒంటి చెప్పుతో కుంటుతూ వంటింటి గడప దగ్గరికి చేరాను.

లోపల పెద్ద గిన్నెలో మచ్బూస్ ఉడుకుతోంది. మాంసం, బియ్యం, ఎండిన నిమ్మకాయలు. గరిటె తిప్పుతున్న మనిషికి ముప్ఫై అయిదేళ్లుంటాయేమో, సన్నగా, నుదుటి మీద చెమట. నా చీర చూసి గరిటె ఆపింది.

"తెలుగోళ్లా అమ్మా?" అని, జవాబు వినకుండానే తన చెప్పులు విడిచి నా ముందు పెట్టింది.

ఆమె పేరు ఓబులమ్మ. రాయచోటి దగ్గరి పల్లె. ఈ ఇంట్లో మూడేళ్లుగా పని చేస్తోంది. ఇంటావిడ వారం చివర ఇక్కడికి రాగానే చుట్టాలందరూ వస్తారట. నాకు పళ్లెంలో అన్నం పెట్టి, ఎవరూ చూడకుండా ఒక సీసాలోంచి గోంగూర పచ్చడి అంచున వేసింది. మామాకు, అంటే ఇంటావిడకు, ఆ వాసన గిట్టదని చెప్పింది. మచ్బూస్‌లో గోంగూర ఎలా ఉంటుందని అడక్కండి. చాలా బాగుంటుంది.

ఇంతలో సత్యం చేతులు తుడుచుకుంటూ వచ్చి, మా అక్క బ్యాంకుల మీద పెద్దాఫీసరమ్మ అని గొప్పలు పోయాడు. ఓబులమ్మ ముఖం మారిపోయింది. లోపలికెళ్లి, ప్లాస్టిక్ సంచిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చింది. గ్రీకు అక్షరాలు, పక్కన ఇంగ్లీషు. లిమసోల్ అనే ఊళ్లో ఒక బ్యాంకు ఖాతా, అందులో నాలుగు వేల రెండు వందల యూరోలు. ఖాతాదారు పేరు నాగమణి.

"నాగమణి ఎవరు?" అన్నాను.

"నేనే అమ్మా," అంది.

కువైట్‌కు ముందు ఆమె సైప్రస్‌లో నాలుగేళ్లు ఒక ముసలావిడను చూసుకుంది. అక్కడ యజమానురాలిని కిరియా అనేదట, ఇక్కడ మామా. సైప్రస్ పంపాలంటే పదో తరగతి పాసైన కాగితం కావాలన్నాడు ఏజెంటు. ఓబులమ్మ బడి ముఖమే చూడలేదు. వాళ్లక్క నాగమణి పది పాసైంది, కానీ ఆమెకు చంటిపిల్లలు. దాంతో అక్క పేరు, అక్క సర్టిఫికెట్టు, చెల్లెలి ఫోటోతో పాస్‌పోర్టు తయారైంది. మా వైపు అందరూ అట్లనే పోతారని ఓబులమ్మ మామూలుగా చెప్పింది. ఆ పాస్‌పోర్టు తిరిగొచ్చాక ఏజెంటు తీసుకున్నాడు. కువైట్‌కు మాత్రం సొంత పేరుతో వచ్చింది.

ఇంటికి పంపిందంతా పంపినట్టే నీళ్లలా ఖర్చైపోతుంటే, కిరియా చెప్పిందట, కొంత ఇక్కడ బ్యాంకులోనే ఉంచుకో, ఇక్కడ గవర్నమెంటు పూచీ ఉంటుందని. ఆ డబ్బు సంగతి మొగుడికి తెలియదు, అక్కకూ తెలియదు. ఇంకో రెండేళ్లు ఇక్కడ చేసి, దాన్నీ దీన్నీ కలిపి రాయచోటిలో అయిదు సెంట్ల స్థలం తన పేరున కొనుక్కుని, ఇక ఎవరింట్లో చాకిరీ చేయకుండా బతకాలని ఆమె ఆశ. ఏటీఎం కార్డు ఉంది గానీ దాని గడువు పోయిన ఏడాదే తీరింది. కార్డుకు గడువు ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"టీవీలో చూసినా. ఆ బ్యాంకులన్నీ మూసేసినారంట. నా లెక్క పోయిందా అమ్మా?"

కడప వాళ్లకు లెక్కంటే డబ్బే. నేను జవాబు చెప్పేలోగా లోపలి నుంచి మామా కేకేసింది. చెప్పులు తిరిగిస్తానంటే వద్దంది, శుక్రవారం సెలవడిగి వచ్చి తీసుకుంటానంది.

మళ్లీ అబూ హలీఫా

ఆ వారమంతా నేను సైప్రస్ వార్తలు తప్ప ఇంకేమీ చూడలేదు. రమణి సీరియల్ త్యాగం చేసింది. దాదాపు పన్నెండు రోజుల తర్వాత గురువారం బ్యాంకులు తెరిచారు. పెద్ద డిపాజిట్లకు గట్టి కోతే పడింది. లక్ష లోపు వాళ్లకు మాత్రం పైసా పోదని తేల్చారు, కాకపోతే రోజుకు మూడు వందల యూరోలు మించి తియ్యకూడదు. చివరకు పూచీ మాట నిలబెట్టారు. నాకు సంబంధం లేని దేశమైనా ప్రాణం కుదుటపడింది.

శుక్రవారం మధ్యాహ్నం డ్రైవరు ఓబులమ్మను మా మేడ కింద దింపి, నాలుగు గంటల్లో వస్తానని వెళ్లాడు. ఆమె ఇంకా మెట్లెక్కుతుండగానే సత్యం పైనుంచి అరిచాడు, ఖలాస్, గొడవ తీరిపోయింది, నీ డబ్బు భద్రం అని. ఆమె మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. రమణి కాఫీ ఇచ్చింది. నేను ఆ కాఫీ పూర్తయ్యేదాకా ఆగాను. తర్వాత చెప్పక తప్పలేదు.

డబ్బు భద్రమే. కానీ నాగమణి పేరున భద్రం. కొత్త కార్డు కావాలంటే నాగమణి పాస్‌పోర్టు చూపాలి. నీ దగ్గర ముఖం ఉంది, పేరు లేదు. మీ అక్క దగ్గర పేరుంది, ముఖం కలవదు. ఆ బ్యాంకు ఎవరికిచ్చినా తప్పు చేసినట్టే అన్నాను.

సత్యానికి ఇదంతా చాదస్తంగా తోచింది. కార్డు పోయిందని నాగమణి సంతకంతో ఒక ఉత్తరం పడేస్తే సరిపోతుంది, ఎవడు చూస్తాడు అన్నాడు. నేను కుదరదన్నాను. ఓబులమ్మ నా వైపు చురుగ్గా చూసింది.

"ఆ సంతకం నాదే గదమ్మా. నాకు ముందు ఏలిముద్రే. సైప్రస్ పోవాలని మా యక్కే పలక మీద రాసిచ్చి నేర్పించింది. నాలుగేండ్లు ఆ సంతకమే పెట్టినా. ఇప్పుడు నాది కాదంటే ఎట్ల?"

నిజం చెప్పాలంటే, తల వంచుకున్నాను. ఎందుకంటే ఇలాంటి ప్రశ్నే చాలా ఏళ్ల క్రితం ఒకావిడ నన్ను అడిగింది. డెల్టాలో ఒక చిన్న సహకార బ్యాంకు. రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్లు రేషను కార్డున్న వాళ్ల పేర్ల మీద, తమకు లేని చిరునామాల మీద ఖాతాలు తెరిచారు. నేను తనిఖీలో పట్టుకుని, అన్నింటి పక్కనా బినామీ అని రాసి ఆపించాను. పై అధికారులు మెచ్చుకున్నారు. ఒకావిడ మూడు నెలలు మా ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చింది. ఆ డబ్బు నేను వలిచిన రొయ్యలదమ్మా అనేది. నేను ఆమెకు నియమం చదివి వినిపించాను. మరోసారి వచ్చినప్పుడు మళ్లీ చదివాను. తర్వాత ఆవిడ రాలేదు.

నియమం తప్పని నేను ఇప్పటికీ అనను. దొంగ పేర్ల మీద దొంగ డబ్బు ఎంత దాస్తారో చూసిన దాన్ని. కానీ ఆ బినామీల్లో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎందుకిలా చేశావు, దీన్ని సరిచేసే దారేమిటి అని అడగడం నా పనే. నేను అడగలేదు. ఆ మాట ఓబులమ్మకు చెప్పేశాను. ఆమె, అయితే ఇప్పుడు ఆ దారేందో చెప్పండమ్మా అంది.

దారి ఒక్కటే. జరిగింది జరిగినట్టు బ్యాంకుకు రాయాలి. పేరున్న మనిషి, ముఖమున్న మనిషి ఇద్దరూ సంతకం పెట్టాలి. వాళ్లు ఒప్పుకోకపోవచ్చు, దొంగ పాస్‌పోర్టని కేసు కూడా పెట్టవచ్చు. అన్నిటికంటే ముందు అక్కకు చెప్పాలి.

ఓబులమ్మకు కేసు కంటే అక్కే ఎక్కువ భయమైంది. పేరు నాది, లెక్క నాదే అంటే ఏం చేసేది అంది. అనవచ్చు, కాగితం ప్రకారం ఆమెదే అన్నాను. ఆమె లేచి ఆ చెయ్యెడు సముద్రం కనపడే కిటికీ దగ్గరికి వెళ్లింది. తర్వాత తనే ఫోను చేసి, నాకూ వినపడాలని స్పీకరు పెట్టింది.

అవతల పిల్లల గోల, కుక్కరు కూత. ఓబులమ్మ సుత్తి లేకుండా చెప్పేసింది, సైప్రస్‌లో నీ పేరు మీద లెక్క దాచిపెట్టినానక్కా, నీకు చెప్పలేదు, బ్యాంకుకు ఉత్తరం రాయాలంటే నీ సంతకం కూడా కావాలని ఇక్కడొకమ్మ చెప్తాంది అని. ఎంతని నాగమణి అడిగింది. రూపాయల్లో మూడు లక్షల దగ్గర అని చెప్పింది. అవతల పొయ్యి కట్టేసిన చప్పుడు.

"నేనూ నీకొకటి చెప్పలేదులే," అంది నాగమణి. "నువ్వు పోయిన మరుసటేడు మన ఊరికి అంగన్‌వాడీ పోస్టు పడింది. పది పాసైనోళ్లు ఊర్లో నేనొక్కదాన్నే. సర్టిఫికెట్టు ఏజెంటు కాడ ఉండె. నీ బాకీ తీరేదాకా ఇయ్యనన్నాడు. పక్కూరి నుంచి కోడలిగా వచ్చిన పిల్లకిచ్చిరి ఆ పని."

ఓబులమ్మ గోడకు ఆనుకుంది. నాకు ఒక మాట చెప్పింటే కదక్కా అంది.

"చెప్పింటే ఏం చేస్తాంటివి? ఆడికాడికి వదిలేసి వస్తాంటివా? ఊరికే ఏడుస్తావని చెప్పలే."

సర్టిఫికెట్టుకు నకలు తెచ్చుకోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒక దరఖాస్తు, కొద్దిగా రుసుము, అంతే. ఆ మాట నా నోటి దాకా వచ్చింది, మింగేశాను. అప్పుడు చెప్పి ఎవరికి లాభం?

సగం నీదక్కా అని ఓబులమ్మ అంటుంటే, సగం సంగతి తర్వాత, ముందు ఆ అమ్మ ఎట్ల రాయమంటే అట్ల రాయి అని నాగమణి ఫోను పెట్టేసింది. నేను ఉత్తరం రాశాను. వేలకొద్దీ తనిఖీ నివేదికలు రాసిన చేతికి ఆ ఒక్క పేజీ రాయడానికి రెండు గంటలు పట్టింది. ఇంగ్లీషులో రాసి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పి, ఆమె సరే అన్నాకే ముందుకెళ్లాను. కింద ఓబులమ్మ రెండు సంతకాలు చేసింది, బ్యాంకుకు తెలిసిన పాతది, తన సొంతది. సొంత సంతకం ఇంకా వంకరగానే వస్తోంది. డ్రైవరు కింద హారను కొడుతుంటే, చెప్పులు తొడుక్కుని పరుగున మెట్లు దిగింది.

వచ్చాక

ఇంటికొచ్చిన వారంలోనే రాయచోటి బస్సెక్కి, నాగమణి సంతకం కూడా పెట్టించుకుని ఉత్తరం పంపాను. ఆమె చెల్లెలి కంటే పొట్టి, గట్టి మనిషి. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని తన పేరెక్కడుందో తనే వెతుక్కుంది. నాకు జొన్నరొట్టె, చెనిగ్గింజల చట్నీ, మన వేరుశనగ పచ్చడే, పెట్టింది. డబ్బు గురించి ఒక్క మాట అడగలేదు.

రెండు నెలలకు బ్యాంకు నుంచి జవాబు వచ్చింది. నేను భయపడినంత కఠినంగా లేదు. ఇద్దరూ, తమ తమ సొంత పాస్‌పోర్టులతో, నోటరీ చేసిన ప్రమాణపత్రాలతో స్వయంగా వచ్చి అధికారి ముందు నిలబడితే పరిశీలిస్తామన్నారు. ఇస్తామని మాత్రం రాయలేదు. వాళ్ల స్థానంలో నేనున్నా అలాగే రాసేదాన్ని.

ఓబులమ్మకు ఫోను చేసి లెక్క వేసి చెప్పాను. ఇద్దరి టికెట్లు, వీసాలు, అక్కడ నాలుగు రోజుల బస, అన్నీ కలిపితే ఉన్నదాంట్లో సగం కరిగిపోతుంది. నాగమణి పేరున ఇదివరకే ఒక పాస్‌పోర్టు పుట్టింది కాబట్టి ఇక్కడి ఆఫీసులోనూ సంజాయిషీ చెప్పుకోవాలి. ఇంతా చేస్తే చివరకు డబ్బు రాకపోవచ్చు కూడా. నా సలహా అడిగితే, ఉత్తరాలతోనే ఇంకోసారి ప్రయత్నిద్దాం, ప్రయాణం మానుకో అన్నాను. అవతల ఎవరో పిల్లవాణ్ని అరబ్బీలో సముదాయిస్తూ, ఆమె అంతా విన్నది.

"పోతామమ్మా," అంది. "లెక్క వస్తే వచ్చె, పోతే పాయె. మా యక్క పేరు ఆ ఊర్లో నాలుగేండ్లు బతికింది. ఆ ఊరెట్లుంటాదో ఆమె ఒక్కసారి చూడద్దా?"